మరచినవాడు, ఎరుగనివాడు, ఎరిగి ఎరుగనన్నవాడు: రుడాల్ఫ్ హెస్ స్మృతిలోప వివాదం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ఒక వ్యక్తి ‘నాకు గుర్తులేదు’ అన్నప్పుడు అది నిజమైన స్మృతిలోపమా, నటనా అని తేల్చవలసిన అవసరం న్యాయస్థానాలకు పలుమార్లు ఎదురైంది. 1945లో న్యూరెంబర్గ్ అంతర్జాతీయ సైనిక న్యాయస్థానంలో రుడాల్ఫ్ హెస్ విషయమై తలెత్తిన వివాదాన్ని ప్రధానంగా తీసుకొని, పోడోలా కేసుతోనూ భవాల్ సన్యాసి వ్యాజ్యంతోనూ పోల్చి, ఈ నిర్ణయానికి ఆధారమైన ప్రమాణాల బలాబలాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నన్నయ శకుంతలోపాఖ్యానంలో కనిపించే ఒక విభజనను ఈ పరిశీలనకు చట్రంగా స్వీకరించడమైనది.

కీలకపదాలు: స్మృతిలోపం, నటన, న్యూరెంబర్గ్, రుడాల్ఫ్ హెస్, భవాల్ వ్యాజ్యం, శకుంతలోపాఖ్యానం, సాక్ష్యం

1. శకుంతల చేసిన విభజన

వ్యాస భారతంలోని దుష్యంతుడు శకుంతలను మరచిపోలేదు. నిండు సభలో కొడుకుతో వచ్చి నిలిచిన ఆమెను గుర్తుపట్టి కూడా, నిన్నెరుగనని అన్నాడు. నన్నయ ఆంధ్రీకరణలోనూ అంతే. దుర్వాసుని శాపం, ఉంగరం కాళిదాసు నాటకంతో వచ్చినవి. నాయకుణ్ణి నింద నుంచి తప్పించడానికి కాళిదాసు ఒక బుకాయింపును నిజమైన మరపుగా మార్చాడని సాహిత్య విమర్శలో తరచుగా వినే మాట. పదిహేనో శతాబ్దంలో పిల్లలమర్రి పినవీరభద్రుడు శృంగార శాకుంతలం రాసేనాటికి ఆ రెండు కథలూ ఆయన ముందున్నాయి. ఒకే పురుషుడు, ఒకే సభ, ఒకే మాట. ఒక గ్రంథంలో అది అసత్యం, మరొక గ్రంథంలో అది వ్యాధి వంటిది. శకుంతల నిలబడిన చోట నుంచి చూస్తే ఈ రెంటికీ పైకి కనిపించే తేడా ఏదీ లేదు.

నన్నయ శకుంతల ఈ చిక్కును ఒక కంద పద్యంలో పట్టుకుంది. అందులో ఆమె ముగ్గురిని వేరుచేస్తుంది: మరచిన మనిషి, అసలే తెలియని మనిషి, తెలిసి కూడా తెలుసుకోవడం ఇష్టంలేని మనిషి. మొదటివాడికి జ్ఞాపకం చేయవచ్చు, రెండోవాడికి చెప్పి తెలియజేయవచ్చు, మూడోవాడి దగ్గర బ్రహ్మకైనా పాలుపోదని ఆమె భావం. ధర్మప్రబోధంగా చదువుకునే ఈ ఉపాఖ్యానంలో ఆ పద్యానికి వేరొక విలువ కూడా ఉంది. అది ఒక పరీక్షకు పునాది కాగల విభజన. ఆధునిక న్యాయస్థానాలు, వైద్యులు చాలాకాలం మొదటివాడినీ మూడోవాడినీ మాత్రమే ఎదురెదురుగా నిలబెట్టి చూశారు. మధ్యనున్న ‘ఎరుగనివాడు’ వారి లెక్కలోకి ఆలస్యంగా వచ్చాడు, కొన్నిచోట్ల రాలేదు.

2. విమానం దిగిన ఖైదీ

1941 మే 10 రాత్రి నాజీ పార్టీలో హిట్లరుకు ఉపనాయకుడైన రుడాల్ఫ్ హెస్ ఒంటరిగా యుద్ధవిమానం నడుపుకుంటూ స్కాట్లండుకు వచ్చి, గ్లాస్గో సమీపాన ఈగిల్‌షామ్ దగ్గర పారాషూటుతో దిగాడు. బ్రిటనుతో సంధి కుదర్చడం తన ఉద్దేశమన్నాడు. సంధి కుదరలేదు, అతడు ఖైదీ అయ్యాడు. మొదట ఆల్డర్‌షాట్ దగ్గరి మిచెట్ ప్లేస్‌లోనూ, 1942 నుంచి వేల్స్‌లోని మెయిండిఫ్ కోర్ట్ ఆసుపత్రిలోనూ ఉంచారు. తిండిలో విషం కలుపుతున్నారని అనుమానించడం, కడుపునొప్పులు, 1941 జూన్‌లో మేడమెట్ల మీదుగా దూకి కాలు విరగ్గొట్టుకోవడం వంటివి జరిగాయి. 1943 చివరి నుంచి తనకు గతం గుర్తులేదని చెప్పడం మొదలుపెట్టాడు.

ఈ దశను పర్యవేక్షించిన బ్రిటిష్ వైద్యులు జె. ఆర్. రీస్ సంపాదకత్వంలో 1947లో తమ పరిశీలనలను పుస్తకంగా ప్రచురించారు. 1944లో మత్తుమందు సూదితో అతణ్ణి అర్ధచైతన్యంలో ఉంచి ప్రశ్నించారు. జ్ఞాపకం తిరిగి రాలేదు. 1945 ఫిబ్రవరిలో హెస్ తనంతట తానే, ఇంతకాలమూ నటించానని ప్రకటించాడు. అదే నెలలో రొట్టె కోసే కత్తితో పొడుచుకున్నాడు. కొన్ని నెలలకు మళ్లీ ‘గుర్తులేదు’ మొదలైంది. అంటే న్యూరెంబర్గ్‌కు చేరేనాటికే అతని వైద్యచరిత్రలో ఒక మరపు, దాన్ని నటన అన్న ఒప్పుకోలు, మరొక మరపు ఉన్నాయి. తరువాత జరిగిన కథనంతా ఈ వరుసలో చూడకపోవడం వల్ల చాలా రచనల్లో నవంబరు 30 నాటి ఘటన అకస్మాత్తుగా పేలిన బాంబులా కనిపిస్తుంది.

3. న్యూరెంబర్గ్ పరీక్షలు

1945 అక్టోబరులో హెస్‌ను న్యూరెంబర్గ్ జైలుకు తెచ్చారు. అక్కడ అతని మరపును శంకించినవారు ఎక్కువ. జైలు అధిపతి కర్నల్ ఆండ్రస్‌కు అది నటనే. విచారణాధికారి కర్నల్ జాన్ ఏమెన్ ఎంచుకున్న పద్ధతి మన గ్రామ పంచాయతీలకు కూడా తెలిసినదే: ఎదురెదురుగా నిలబెట్టడం. గోరింగును గదిలోకి తెచ్చారు. నన్ను గుర్తుపట్టవా అని గోరింగ్ అడిగాడు, హెస్ లేదన్నాడు. మ్యూనిక్‌లో అతనికి గురువు, కుటుంబమిత్రుడు అయిన కార్ల్ హౌస్‌హోఫర్‌ను తెచ్చారు. ముసలి గురువు కదిలిపోయాడు, శిష్యుడు గుర్తుపట్టలేదన్నాడు. పూర్వం తన దగ్గర పనిచేసిన కార్యదర్శినులను తెచ్చినా అదే మాట.

నవంబరులో మరొక ప్రయోగం చేశారు. నాజీ సభల చలనచిత్రాలను అతనికి చూపించి, తెర మీద కాక అతని ముఖం మీద దృష్టి పెట్టారు. జైలు మనోవైద్యుడు డగ్లస్ కెల్లీ, మనోవిజ్ఞాని గుస్తావ్ గిల్బర్ట్ వంటివారు అక్కడున్నారు. తెర మీద హిట్లరు పక్కన తానే కనిపిస్తుండగా హెస్ చేతులు బిగుసుకున్నాయని పరిశీలకులు గమనించారు. ఆట ముగిశాక, తాను అక్కడ ఉన్నట్టే కనబడుతున్నది గాని గుర్తులేదన్నాడు. ఈ బిగుసుకున్న చేతులు అప్పట్లో నటనకు సాక్ష్యంగా చెలామణి అయ్యాయి. ఆ అనుమానానికి ఉన్న బలం ఎంతో అయిదో భాగంలో చూద్దాం.

కెల్లీ మత్తుమందు పరీక్షను సూచించాడు. హెస్ ఒప్పుకోలేదు. ముద్దాయి అంగీకారం లేకుండా సూది వేస్తే, తరువాత అతనికి ఏమి జరిగినా ఆ నింద తమ మీద పడుతుందని అమెరికా ప్రధాన ప్రాసిక్యూటర్ రాబర్ట్ జాక్సన్ భావించాడు. ఆయనది ముద్దాయి హక్కుల కంటె ప్రతిష్ఠకు సంబంధించిన జాగ్రత్త అనిపిస్తుంది. కాని ఫలితంగా నిలిచిన సూత్రం మంచిదే.

న్యాయస్థానం నాలుగు మిత్రదేశాల వైద్యులను నియమించింది. బ్రిటను నుంచి చర్చిల్ వైద్యుడు లార్డ్ మోరన్, రీస్, రిడక్. సోవియట్ యూనియన్ నుంచి క్రాస్నుష్కిన్, సెప్, కుర్షకోవ్. ఫ్రాన్సు నుంచి జాఁ దలే. అమెరికా తరఫున నోలన్ లూయిస్, పాల్ ష్రోడర్, ఈవెన్ కామెరాన్. (ఒకరి స్మృతి నిజమా కాదా అని తీర్పు చెప్పడానికి వచ్చిన ఈ కామెరానే, దశాబ్దం తిరిగేసరికి మాంట్రియల్‌లో తీవ్రమైన విద్యుదాఘాతాలతో, దీర్ఘనిద్రతో తన రోగుల జ్ఞాపకాలను తుడిచిపెట్టే ప్రయోగాలు చేశాడు. ఆ సొమ్ములో కొంత అమెరికా గూఢచారి సంస్థది.)

వైద్యుల నివేదికలు మాటల్లో తేడాపడినా సారంలో దగ్గరగా ఉన్నాయి. హెస్ పిచ్చివాడు కాడు. విచారణ అతనికి అర్థమవుతుంది. అతని మరపు హిస్టీరియా స్వభావం కలది. అందులో కొంత తెలియకుండా జరిగేది, కొంత తెలిసి పెంచి వాడుకునేది. గతాన్ని గురించిన ప్రశ్నలకు జవాబు చెప్పి తన్ను తాను రక్షించుకోవడంలో అది అడ్డు కావచ్చు. సోవియట్ వైద్యులు ఒక అడుగు ముందుకు వేసి, ఇటువంటి ప్రవర్తన తప్పించుకోలేని అవసరం ఎదురైనప్పుడు తరచు ఆగిపోతుందనీ, విచారణకు తెచ్చినప్పుడు హెస్ మరపు కూడా ముగియవచ్చుననీ రాశారు. వైద్య నివేదికల్లో ఇంత సూటిగా ఫలించిన జోస్యం అరుదు.

గమనించవలసినది ఏమంటే, ‘నిజమా, నటనా’ అని న్యాయస్థానం అడిగిన ప్రశ్నకు వైద్యులు ‘రెండూ’ అన్నారు. ఇది దాటవేత కాదు. 1890ల చివరలో జర్మన్ వైద్యుడు సిగ్బర్ట్ గాన్సర్ కొందరు ఖైదీలలో ఒక విచిత్రమైన లక్షణాన్ని వర్ణించాడు. వారు ప్రశ్నను అర్థం చేసుకుంటారు, జవాబు మాత్రం దానికి ఆనుకొని తప్పుతుంది. రెండూ రెండూ ఎంతంటే అయిదు అనే తీరు. ఒప్పు తెలియనివాడు అంత దగ్గరగా తప్పు చెప్పలేడు. అయినా వారిలో కొందరికి ఆ స్థితి ముగిశాక అది గుర్తులేదు. అది నటనా, వ్యాధా అన్న వాదం నేటికీ ఆగలేదు. తెలిసి చేసేదానికీ తెలియక జరిగేదానికీ మధ్య గోడ ఉంటుందని చట్టం అనుకుంటుంది. వైద్యులకు అక్కడ కనిపించింది ఒక వాలు మాత్రమే.

4. 1945 నవంబరు 30

అంతకు తొమ్మిది రోజుల ముందు, నేరం ఒప్పుకుంటావా అని అధ్యక్షుడు అడిగితే హెస్ లేచి ‘లేదు’ అని ఒక్క మాట అరిచి కూర్చున్నాడు. అది నిరపరాధినన్న జవాబుగా రాసుకోమని అధ్యక్షుడు లారెన్స్ ఆదేశించాడు. సభలో నవ్వులు వినిపించాయి.

నవంబరు 30 సాయంకాలం మిగిలిన ముద్దాయిలను పంపివేసి హెస్ విషయం ఒక్కటే విన్నారు. వాది ప్రతివాదుల స్థానాలు తారుమారైన దృశ్యం అది. అతని న్యాయవాది ఫాన్ రోర్‌షైట్, ఈ స్మృతిలోపంతో న్యాయమైన విచారణ సాధ్యం కాదన్నాడు. ఆ వెంటనే, తన కక్షిదారు మాత్రం తాను విచారణకు తగినవాడినేనని అనుకుంటున్నాడని కూడా నిజాయితీగా చెప్పాడు. జాక్సన్ వాదన కటువైనది: వైద్యం చేయించుకోవడానికి ఒప్పుకోనివాడి మరపు స్వచ్ఛందమైన మరపు, దాన్ని సాకుగా చూపే హక్కు అతనికి లేదు. న్యాయవాదులు ఈ విధంగా చాలాసేపు వాదించుకున్నాక హెస్ లేచి ఒక కాగితం చూసి చదివాడు. ఇకనుంచి తన జ్ఞాపకశక్తి బయటి ప్రపంచానికి మళ్లీ అందుబాటులో ఉంటుందన్నాడు. స్మృతిలోపాన్ని నటించడానికి కారణాలు వ్యూహాత్మకమైనవన్నాడు. ఏకాగ్రత మాత్రమే కాస్త తగ్గిందన్నాడు. తన న్యాయవాది దగ్గర కూడా నటించాననీ, ఆయన నమ్మి వాదించాడనీ చేర్చాడు.

మర్నాడు, డిసెంబరు 1న, హెస్ విచారణకు తగినవాడని న్యాయస్థానం ప్రకటించింది. ఇదే న్యాయస్థానం రెండు వారాల కిందట, నవంబరు 15న, పారిశ్రామికుడు గుస్తావ్ క్రూప్ విచారణను వాయిదా వేసింది. క్రూప్‌ను వైద్యులు మంచం పక్కన పరీక్షించారు. మెదడు దెబ్బతిని, చుట్టూ ఏమి జరుగుతున్నదో తెలియని స్థితి. అక్కడ అనుమానానికి తావు లేకపోయింది. అతడు ఎన్నడూ విచారణకు రాకుండానే 1950లో మరణించాడు. కనుక హెస్ ముందు ఒక మార్గం తెరిచే ఉంది. అదే మరపును కొనసాగిస్తే తప్పించుకునే అవకాశం అతనికి ఉండేది. ఆ సాయంకాలపు విచారణకు ముందు గిల్బర్ట్ అతని దగ్గరకు వెళ్లి, నిన్ను అసమర్థుడని విచారణ నుంచి తొలగించవచ్చునని చెప్పాడు. కొద్ది గంటల తరువాత వచ్చింది ఆ ప్రకటన.

ఒప్పుకున్నాడు గనుక నటనే అని ఆనాటి పత్రికలు, ఆండ్రస్ వంటి అధికారులు నిశ్చయించుకున్నారు. గిల్బర్ట్ అలా అనుకోలేదు. మరపు చాలావరకు నిజమనీ, ‘నటించాను’ అనడమే అభిమానం కాపాడుకోవడానికి చేసిన నటన కావచ్చుననీ అతని అభిప్రాయం. ఈ తిరగేసిన వాదన మొదటి చూపుకు అతితెలివిగా తోస్తుంది. కాని హెస్ మనస్తత్వానికి అది సరిపోతుందనే నా ఉద్దేశం. పాత సహచరుల ఎదుట ‘మతిచెడినవాడు’ అనిపించుకుని బయటికి నడవడం కంటె, ‘అందరినీ మోసగించిన గట్టివాడు’గా ముద్దాయిల బల్ల మీద కూర్చోవడం అతనికి గౌరవప్రదం. పైగా 1946 తొలి నెలల్లో గిల్బర్ట్ అతణ్ణి మళ్లీ పరీక్షించినప్పుడు జ్ఞాపకశక్తి క్రమంగా క్షీణించడం కనిపించింది. అప్పటికి నటించడానికి కారణం మిగల్లేదు. విచారణ ఆగదని తేలిపోయింది. చివరి దశలో కొత్త న్యాయవాది మరల వైద్యపరీక్ష కోరాడు గాని న్యాయస్థానం అంగీకరించలేదు. 1946 అక్టోబరు 1న హెస్‌కు యావజ్జీవ శిక్ష పడింది. 1987లో 93 ఏళ్ల వయసున స్పాండౌ జైలులో చనిపోయాడు.

ఇక్కడ చరిత్రకారుడికి పద్ధతికి సంబంధించిన ప్రశ్న ఒకటి ఉంది. ‘గుర్తులేదు’ అన్న మాటను ఆధారం లేని స్వీయసాక్ష్యమని తోసిపుచ్చినవారు, ‘నటించాను’ అన్న మాటను తిరుగులేని ఆధారంగా స్వీకరించారు. రెండూ ఒకే నోటినుంచి వచ్చినవే. అనుమానించడం అనేది ఒక వైపుకు మాత్రమే పనిచేస్తే అది ముందే చేసుకున్న నిర్ణయం, పరీక్ష కాదు. దుష్యంతుని విషయం కూడా ఆలోచించదగినదే. భారతంలో ఆకాశవాణి పలికిన తరువాత, నాకు ముందే తెలుసు, లోకం శంకిస్తుందని అలా అన్నానని రాజు చెబుతాడు. అతని ఒప్పుకోలులోనూ ‘వ్యూహం’ అన్న సమర్థన ఉంది. భారత పాఠం అతడు గుర్తుపట్టాడని ముందే చెప్పింది గనుక మనం నమ్ముతున్నాం. హెస్ విషయంలో ముందే చెప్పే కవి లేడు.

5. చేతికి గుర్తున్నది

చలనచిత్రం చూస్తూ బిగుసుకున్న చేతుల దగ్గరకు వద్దాం. ‘మరచానంటూనే ఉలిక్కిపడ్డాడు, కనుక అబద్ధం’ అన్నది లోకన్యాయం. ఇది తప్పు. తప్పని న్యూరెంబర్గ్‌కు మూడు దశాబ్దాల ముందే తెలుసు.

1911లో జెనీవా వైద్యుడు ఎడువార్ క్లాపరేద్ ఒక రోగిణిని గురించి రాశాడు. ఆమెకు కొత్త జ్ఞాపకాలు నిలవవు. ప్రతిరోజూ చూసే వైద్యుణ్ణి కూడా ప్రతిరోజూ కొత్తవాడిగానే పలకరిస్తుంది. ఒకరోజు ఆయన వేళ్ల మధ్య గుండుసూది దాచి కరచాలనం చేశాడు. ఆమెకు నొప్పి కలిగింది, కాసేపటికి ఆ సంగతి మరచిపోయింది. తరువాత మళ్లీ చేయి చాచితే వెనక్కు తీసుకుంది. ఎందుకంటే సరైన కారణం చెప్పలేకపోయింది. మనుషులు ఒక్కొక్కప్పుడు చేతుల్లో సూదులు దాచుకుంటారు కదా అన్న ధోరణిలో మాట్లాడింది. నాలుకకు తెలియనిది చేతికి తెలిసింది. ప్రయోగంలో క్రూరత్వం లేకపోలేదు. ఈనాడైతే ఏ నైతిక సంఘమూ అనుమతించదు.

1953లో మూర్ఛ తగ్గించడానికి శస్త్రచికిత్స చేయించుకుని కొత్త జ్ఞాపకాల శక్తిని పూర్తిగా కోల్పోయిన అమెరికన్ హెన్రీ మొలైసన్ విషయంలో బ్రెండా మిల్నర్ దీన్నే కొలిచి చూపింది. అద్దంలో చూస్తూ నక్షత్రం గీతల మీద పెన్సిలు నడపడంలో అతడు రోజురోజుకూ మెరుగయ్యాడు. ప్రతిరోజూ మాత్రం ఆ పని ఎన్నడూ చేయలేదనే చెప్పాడు. మిల్నర్ ఈ ఫలితాలను 1962లో ప్రచురించింది.

కనుక నిజమైన మరపులో కొన్ని మిగులుతాయి: అలవాటు, భయం, చేతిపని, కారణం తెలియని కలవరం. నటించేవాడికి ఈ సంగతి తెలియదు. అతడు అన్నీ పోయినట్టు, అక్షరాలు కూడా మరచినట్టు నటిస్తాడు. హెస్ చేతులు బిగియడం నటనకూ సరిపోతుంది, నిజమైన మరపుకూ సరిపోతుంది. అంటే ఆ ప్రయోగం దేనికీ సాక్ష్యం కాదు. ఆశ్చర్యమేమంటే కాళిదాసు ఈ లక్షణాన్ని పట్టుకున్నాడు. శాకుంతలం అయిదో అంకం ప్రారంభంలో, శకుంతల సభకు రాకముందే, హంసపదిక పాట విని దుష్యంతుడు ఎవరినో పోగొట్టుకున్నవానిలా కలతపడతాడు. ఎవరినో అతనికి తెలియదు. శాపం కథను పైనుంచి అతికించాడని కాళిదాసును అనేవారు ఈ ఘట్టాన్ని మరల చూడాలి. మరపు నిజమైనదని ప్రేక్షకుడు నమ్మడానికి కావలసిన లక్షణాన్ని ఆయన శాపం ఫలించే దృశ్యానికి ముందే నాటాడు.

6. మరచినా శిక్ష తప్పదు: పోడోలా

హెస్ ఒప్పుకోలు న్యూరెంబర్గ్ న్యాయస్థానాన్ని ఒక కఠినమైన ప్రశ్న నుంచి తప్పించింది: మరపు నిజమే అయితే ఏమి చేయాలి? ఆ ప్రశ్నకు ఇంగ్లండు 1959లో జవాబు చెప్పింది. జర్మనీలో పుట్టిన గ్యుంటర్ పోడోలా ఆ ఏడాది జూలై 13న లండన్‌లో డిటెక్టివ్ సార్జెంట్ రేమండ్ పర్డీని కాల్చి చంపాడన్నది అభియోగం. మూడు రోజుల తరువాత పోలీసులు గది తలుపు విరగ్గొట్టి పట్టుకునేటప్పుడు అతనికి దెబ్బలు తగిలాయి. ఆ తరువాత తనకు గతమేదీ గుర్తులేదన్నాడు. నేరవిచారణకు ముందు కేవలం మరపు నిజమా కాదా తేల్చడానికే ఒక జ్యూరీ రోజుల తరబడి కూర్చుంది. వైద్యులు రెండు పక్షాలయ్యారు. చివరికి వైద్యుల మాటల కంటె జైలునుంచి అతడు ఒక పరిచయస్తుడికి చనువుగా రాసిన కార్డు ఎక్కువ పనిచేసింది. మరపు నిజం కాదని జ్యూరీ తేల్చింది, మరొక జ్యూరీ నేరం రుజువైందన్నది. అప్పీలు న్యాయస్థానం, మరపు నిజమే అయినా విచారణ అర్థమయ్యేవాడికి అది అడ్డు కాదని సూత్రీకరించింది. నవంబరు 5న ఉరితీశారు.

ఈ సూత్రంలో పాలనా సౌకర్యం ఉంది. కాని ఆ రాత్రి తాను ఎక్కడ ఉన్నాడో నిజంగా గుర్తులేని మనిషి తన న్యాయవాదికి ఏమి చెప్పగలడు? హెస్ విషయంలో వైద్యులు లేవనెత్తిన ఈ మాటకు పోడోలా తీర్పులో తృప్తికరమైన సమాధానం నాకు కనిపించలేదు.

మత్తుమందు ప్రశ్న భారతదేశంలో వేరొక దారిలో వచ్చింది. నార్కో విశ్లేషణ, అబద్ధ నిర్ధారక యంత్రం, మెదడు తరంగాల పరీక్షలను అంగీకారం లేకుండా ఎవరిమీదా చేయరాదని సుప్రీంకోర్టు సెల్వి – కర్ణాటక రాష్ట్రం కేసులో 2010 మే 5న తీర్పు చెప్పింది. జాక్సన్ ప్రతిష్ఠ కోసం ఆగిన చోట మన న్యాయస్థానం రాజ్యాంగం పేరుతో ఆగింది.

7. ఎరుగనివాడు: భవాల్

శకుంతల చెప్పిన రెండోవాడు స్పష్టంగా కనిపించేది ఢాకా దగ్గరి భవాల్ జమీందారీ వ్యాజ్యంలో. రెండో కుమారుడు రమేంద్రనారాయణ రాయ్ 1909 మేలో డార్జిలింగులో చనిపోయాడని ప్రకటించారు. 1920–21 మధ్య ఢాకా నదీతీరంలో ఒక సన్యాసి ప్రత్యక్షమయ్యాడు. 1921 మేలో తానే ఆ కుమారుడినన్నాడు. తనకు మందు పెట్టారనీ, శ్మశానం నుంచి నాగసాధువులు రక్షించారనీ, ఏళ్ల తరబడి తానెవరో తెలియలేదనీ, తరువాత గుర్తువచ్చిందనీ అతని కథనం. ప్రభుత్వం మోసగాడని ప్రకటించింది. 1930లో దావా వేశాడు. పదిహేనువందల మందికి పైగా సాక్షులను విని, 1936 ఆగస్టు 24న న్యాయమూర్తి పన్నాలాల్ బసు అతడే కుమారుడని తీర్పునిచ్చాడు. కలకత్తా హైకోర్టు 1940లో ఇద్దరికి ఒకరుగా ఆ తీర్పును నిలిపింది. 1946 జూలై 30న ప్రివీ కౌన్సిల్ కూడా నిలిపింది. తీర్పు వచ్చిన కొద్ది రోజులకే అతడు చనిపోయాడు.

న్యూరెంబర్గ్‌లో గుర్తున్నదాన్ని లేదంటున్నాడని అనుమానం. ఇక్కడ గుర్తులేనిదాన్ని ఉందంటున్నాడని. ప్రతివాదులు క్రాస్ పరీక్షలో పోలో, బిలియర్డ్సు, క్రికెట్ మాటలు, ఇంగ్లీషు పదాలు అడిగారు. జమీందారు కుమారుడికి ఇవి తెలిసి ఉండాలి గదా అని వారి లెక్క. సన్యాసి తడబడ్డాడు. సామాన్యంగా అయితే కేసు అక్కడే ముగిసేది. కాని పన్నాలాల్ బసు వేసుకున్న ప్రశ్న వేరు: అసలు కుమారుడికి ఇవి ఎప్పుడైనా తెలుసా? సాక్ష్యాలు పరిశీలించి, ఆ కుమారుడు చదువు దాదాపు అబ్బని మనిషి అని తేల్చాడు. తెలియనివాడు చెప్పలేకపోతే అది మరపూ కాదు, మోసమూ కాదు. ఆపై న్యాయమూర్తి శరీర చిహ్నాలను ఒక్కొక్కటిగా పోల్చి చూశాడు. ఈ వ్యాజ్యాన్ని పార్థ ఛటర్జీ 2002 నాటి గ్రంథంలో సవిస్తరంగా చర్చించాడు. అంతిమ సత్యం ఏదైనా, పరీక్షకు ముందు పరీక్షితుని పూర్వజ్ఞానాన్ని నిర్ధారించుకోవాలన్న బసు పద్ధతి న్యూరెంబర్గ్ వైద్యుల పద్ధతి కంటె పదునైనదని నాకు తోస్తుంది.

8. లెక్కకు అందిన అబద్ధం

ఇటీవలి దశాబ్దాల్లో మనోవిజ్ఞానం ఈ నిర్ణయాన్ని ముఖకవళికల నుంచి అంకెలకు తెచ్చింది. సూత్రం తేలికైనది. ఒకరికి 50 బొమ్మలు చూపి, తరువాత ఒక్కొక్క పాత బొమ్మ పక్కన ఒక కొత్త బొమ్మ పెట్టి, ముందు చూసినది ఏదని అడుగుతారు. ఏమాత్రం గుర్తులేనివాడు కూడా గుడ్డిగా ఎంచుకుంటే సుమారు 25 ఒప్పు వస్తాయి. యాదృచ్ఛికంగా 15 లేదా అంతకంటె తక్కువ రావడానికి ఉన్న అవకాశం వెయ్యికి మూడు మాత్రమే. అంత తక్కువ వచ్చిందంటే, ఒప్పు ఏదో తెలిసి దాన్ని తప్పించుకుంటున్నాడన్నమాట. ఎరిగి ఎరుగనొల్లనివాడి జాడ ఇలా అంకెల్లో కనిపిస్తుంది. కాని అంత మొరటుగా నటించేవారు తక్కువ. అందువల్ల టాంబా 1996లో ప్రచురించిన పరీక్ష వంటివి మరొక మెళకువ వాడతాయి. చూడటానికి కష్టంగా కనిపించే, నిజానికి చాలా సులువైన పని ఇస్తారు. మెదడు దెబ్బతిన్నవారు కూడా అందులో సాధారణంగా నెగ్గుతారు. నటించేవాడు కష్టమనుకుని ఓడిపోతాడు.

ఈ మెళకువకు మూలరూపం స్విస్ మనోవిజ్ఞాని ఆంద్రే రే రూపొందించిన 15 అంశాల పరీక్ష. మూడేసి గుర్తులున్న అయిదు వరసలు: ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలు, చిన్నబడి అక్షరాలు, అంకెలు, రోమన్ సంఖ్యలు, కొన్ని ఆకారాలు. పది సెకన్లు చూపి దాచి రాయమంటారు. చదువుకున్నవాడికి ఇవి పదిహేను కావు, అయిదు మాత్రమే. మొదటి అక్షరం గుర్తుంటే వరస అంతా గుర్తున్నట్టే. పరీక్ష బలమంతా ఆ అక్షరక్రమం పరీక్షితుడికి ముందే కంఠస్థమై ఉందన్న నమ్మకం మీద నిలిచి ఉంది. బడికి పోని ఒక కూలీ తలకు దెబ్బతగిలి నష్టపరిహారం కోసం వచ్చినప్పుడు ఇదే కాగితం అతని ముందు పెడితే, అతనికి అవి నిజంగానే పొంతన లేని పదిహేను గీతలు. తక్కువ మార్కులు వస్తాయి, ‘నటిస్తున్నాడు’ అన్న మాట నివేదికలో చేరుతుంది. పోలో మాటలు తెలియని సన్యాసి విషయంలో పన్నాలాల్ బసు అడిగిన ప్రశ్నను ఆ గదిలో ఎవరో ఒకరు అడగవలసి ఉంటుంది.